వేసవిలో తడిసిన గడ్డలు: ఒక తోట కేసు

ఈ కేసు రాయడానికి కారణం, ఇందులో మొదటి తప్పు నాదే కావడం. తోట, సలహా కోసం నన్ను పిలిచినావిడది. ఊరు, పేర్లు, తోటను గుర్తుపట్టించే వివరాలు తీసేశాను. రాసుకోమని ఆవిడే అన్నారు. నేను పిలిచినట్టే ఇక్కడా ‘అమ్మ’ అనే అంటాను.

నేపథ్యం

ఇంటి వెనక నల్లరేగడి నేల. అమ్మ దాన్ని పిట్టలకీ సీతాకోకచిలుకలకీ వదిలేసి నాలుగైదేళ్లయింది. పురుగుమందు కొట్టరు. రాలిన ఆకు ఊడ్చి పారేయరు, మొక్కల మొదట్లోనే పరుస్తారు. పిట్టలు నీళ్లు తాగడానికి వెడల్పాటి మట్టి పళ్లెం. నిమ్మ, కరివేపాకు, జిల్లేడు మొక్కల్ని గొంగళిపురుగుల కోసం పెంచుతారు. తేనె పూల మొక్కలు ఎండాకాలంలో వాడిపోకుండా డ్రిప్ వేయించారు. ఆ తోటలోకి స్థానిక గడ్డ జాతి పూలమొక్కలు తేవాలన్నది ఆవిడ కోరిక.

గడ్డలు ఎక్కణ్ణుంచి వచ్చాయన్నది నేను అడిగే మొదటి ప్రశ్న. అడవిలో తవ్వి తెచ్చినవైతే ఆ పని ఒప్పుకోను. అడవినాభి దుంపలనూ గింజలనూ కోల్చిసిన్ అనే పదార్థం కోసం మందుల తయారీకి వాడతారు. ఆ గిరాకీతో అడవిలో తవ్వకం ఎక్కువ. మన తోట కోసం అడవిలో ఇంకో గుంట పడకూడదు. ఈ కేసులో ఆ ఇబ్బంది లేదు. దగ్గర్లో ఒక గుట్ట పక్క పట్టా భూమిని ప్లాట్ల కోసం చదును చేస్తున్నారు. పొక్లెయిన్ రాకముందే భూమి యజమానిని అడిగి, ఆయన సరేనన్నాక తీసినవి ఇవి: అడవినాభి (గ్లోరియోసా సూపర్బా) దుంపలు 24, అడవి ఉల్లి (డ్రిమియా ఇండికా) గడ్డలు 15, తెల్లపూల ప్యాంక్రేషియం గడ్డలు 10. వృక్షశాస్త్రం లెక్కలో అడవినాభిది ఉల్లిలాంటి పొరల గడ్డ కాదు, దుంప. దాని సంగతి కూడా గడ్డల సంగతి లాంటిదే కాబట్టి కలిపే రాస్తున్నాను.

వీటితోపాటు వానలకు గులాబీ, తెలుపు రంగుల్లో పూసే ‘రెయిన్ లిల్లీలు’ కూడా ఒక వరస ఉన్నాయి. స్థానికమైనవేనని అమ్మ అనుకున్నారు. అవి జెఫిరాంథస్ జాతివి, పుట్టిల్లు అమెరికా ఖండాలు. చెబితే ఆవిడ మొహం చిన్నబోయింది. పీకేద్దామా అన్నారు. ఉండనివ్వండి అన్నాను. ఎందుకన్నానో అప్పటికి నాకూ తెలీదు, ఊరికే జాలిపడ్డాను. తర్వాత అవే పనికొచ్చాయి.

వచ్చిన సమస్య

మొదటి ఏడాది తొలకరికి 24 అడవినాభి దుంపల్లో 21 మొలిచాయి. ఆరింటికి పూత వచ్చింది. సెప్టెంబర్‌లో గొంగళ్లు పడ్డాయి. నల్లటి ఒళ్లు, మీద తెల్ల చుక్కలు, అక్కడక్కడ నారింజ మచ్చలు. నాలుగు రోజుల్లో తీగలు ఈనెలతో మిగిలాయి. రెండో ఏడాది వానలకు మొలిచినవి 9. అడవి ఉల్లిలో 15కి 11 బతికాయి. ప్యాంక్రేషియం ఆకులేసింది తప్ప పూయలేదు.

ఆగస్టులో నన్ను పిలిచేసరికే అమ్మ ఒక నిర్ణయానికి వచ్చేశారు.

“గొంగళ్లే బాబూ. పోయినేడు కళ్ల ముందే తినేశాయి. తోట పురుగుల కోసమే పెట్టుకున్నా, ఇప్పుడు పురుగుల్నే తిట్టుకుంటున్నా.”

నేనూ అదే అనుకున్నాను. అనుకోవడానికి కారణం లేకపోలేదు. అడవినాభి దుంప ఏటా కొత్తది ఊరుతుంది. పాత దుంప తన బలమంతా తీగకిచ్చి ముడుచుకుపోతుంది, ఆకులు వండిన ఆహారంతో పక్కనే కొత్త దుంప తయారవుతుంది. ఆకు పోతే కొత్త దుంప సన్నబడుతుంది, మరుసటేడు మొలవకపోనూ వచ్చు. గొంగళ్లు సెప్టెంబర్‌లో తిన్నాయి, జూన్‌లో మొలకలు తగ్గాయి. లెక్క చక్కగా కుదిరింది. అంత చక్కగా కుదిరినందుకే ఇంకో లెక్క చూడలేదు.

చూడాల్సింది నా చేతిలోనే ఉంది. ఏ దుంప ఎక్కడ నాటారో అమ్మ నోట్‌బుక్‌లో పటం గీసుకున్నారు. మొలిచిన వాటికి ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. ఆ తొమ్మిది సున్నాలూ మడి అంచుల్లోనే ఉన్నాయి. నడుమ ఒక్కటీ లేదు. ఆ పేజీ తిరగేసి, ‘భలే పద్ధతిగా రాశారమ్మా’ అని మెచ్చుకుని తిరిగి ఇచ్చేశాను.

ముందు చేసినవి

గొంగళ్ల పని పట్టాం. అది పాలిటెలా గ్లోరియోసే అనే రెక్కలపురుగు పిల్ల. అడవినాభితోపాటు క్రైనమ్, జెఫిరాంథస్ లాంటి లిల్లీ బంధువుల ఆకులూ తింటుంది. గుడ్లు గుంపుగా పెడుతుంది, పిల్లలు చిన్నప్పుడు గుంపుగానే మేస్తాయి. కాబట్టి ఆకు అడుగున చూసి గుడ్ల పొరను గిల్లేస్తే చాలావరకు సరిపోతుంది. పొద్దున్నే తోటమాలి ఆ పని చేసేవాడు. మిగిలిన వాటికి సాయంత్రం వేపనూనె కలిపిన నీళ్లు, ఆ తీగల మీదే, పూలు తగలకుండా. వేపనూనెకి నేనే ఇష్టం లేకుండా ఒప్పుకున్నాను. పురుగుల కోసం పెట్టిన తోటలో పురుగుని చంపే ద్రావణం ఏదైనా, వేపదే అయినా, నాకు మనసొప్పదు. మిగిలింది తొమ్మిదే అన్న భయంతో ఒప్పుకున్నా.

అది పనిచేసింది. ఆ ఏడాది తీగలు నవంబర్ దాకా పచ్చగా ఉండి, వాటంతట అవే పసుపెక్కి వాలిపోయాయి. ఏడు పూశాయి. అడవినాభి పువ్వు విచ్చుకున్నప్పుడు ఆకుపచ్చ కలిసిన పసుపు, పోను పోను నారింజ, చివరికి ఎరుపు. ఒకే తీగ మీద నాలుగు వయసుల పూలు నాలుగు రంగుల్లో ఉంటాయి. అమ్మ రోజూ ఫోటో పంపేవారు. కేసు అయిపోయిందనుకున్నాను.

మడి తవ్విన రోజు

ఏప్రిల్‌లో అమ్మ ఫోన్ చేశారు. అడవి ఉల్లికి పూకాడలు రాలేదని. ఈ మొక్కది విచిత్రమైన వరస: ఎండలు ముదురుతుండగా ఆకులేమీ లేకుండా ఒట్టి కాడ లేచి పూస్తుంది, ఆకులు వానలొచ్చాక వస్తాయి. రెండు కాడలైతే లేచాయట. ఎండిన పుల్లలనుకుని తోటమాలి కోసేశాడు. అతన్ని అనడానికేం లేదు, ఆకులేని కాడ బతికున్నదని ఎవరు చెప్పారు అతనికి? నేను చెప్పలేదు. మిగతావి ఎందుకు రాలేదో చూద్దామని వెళ్లాను.

మిట్టమధ్యాహ్నం. తోట బయట రేగడి నేల నోళ్లు తెరిచి ఉంది, పగుళ్లలో వేళ్లు దూరతాయి. మడి మీద ఆకుచెత్త బెత్తెడు మందాన ఉంది. పక్కకి తీసి గుప్పెడు మట్టి పట్టుకుని నొక్కాను. ఉండ అయింది. గుప్పిట విప్పినా చెదరలేదు. ఏప్రిల్ నెలలో!

ఇంకొంచెం లోతుగా వేళ్లతోనే తవ్వాను. అడవినాభి దుంప నాగలి ఆకారంలో వంగి ఉంటుంది. కలప్పగడ్డ అన్న పేరూ అందుకే. చేతికి తగిలింది ఆకారం మాత్రమే. పైతొక్క ఉంది, లోపల గుజ్జు నీరైపోయి వేలు దిగబడింది. కుళ్లిన వాసన. చేతులు కడుక్కొచ్చి (ఈ దుంప రసం విషం, ఆ రోజు గ్లవ్స్ వేసుకోకపోవడం ఇంకో తప్పు) అమ్మని నోట్‌బుక్ తెమ్మన్నాను. ఈసారి పటం మీద డ్రిప్ లైన్ గీయమన్నాను. లైను మడి నడుమ నుంచి పోతోంది. పిట్టల పళ్లెం ఒక మూలన ఉంది, రోజూ నింపినప్పుడల్లా అదనపు నీళ్లు మడిలోకే పొర్లుతున్నాయి. తొమ్మిది ఎర్ర సున్నాలూ ఈ రెండింటికీ దూరంగా, అంచుల్లో.

“అంటే గొంగళ్లు కాదా?”

“గొంగళ్లు ఆకు తిన్నాయమ్మా. దుంపని మనం తడిపి చంపాం.”

అలా తేల్చి చెప్పడానికి ఆధారం ఆ రెండో ఏడాదే. ఆకు పూర్తిగా కాపాడాం. అయినా తొమ్మిది చోట్లా తవ్వితే నాలుగు దుంపలు కుళ్లి ఉన్నాయి, ఐదు గట్టిగా ఉన్నాయి. ఆ నాలుగూ అంచుల్లో ఉన్నవాటిలోనే డ్రిప్‌కి కాస్త దగ్గరవి. గొంగళ్లే అసలు కారణమైతే అవి కుళ్లాల్సిన పని లేదు. ఆకు పోయి బలహీనపడ్డ దుంప త్వరగా కుళ్లుతుందన్నది నిజమే కావచ్చు, కానీ తడి లేకపోతే కుళ్లు మొదలవదు.

ఈ గడ్డలు పుట్టిన చోటు గుర్తు తెచ్చుకుంటే ఇదంతా ముందే తెలియాలి. గుట్ట వాలు, గులకరాళ్ల ఎర్రమట్టి. వాన పడితే తడుస్తుంది, రెండు రోజుల్లో జారిపోతుంది. డిసెంబర్ నుంచి మే దాకా చుక్క నీరుండదు. ఆ ఆరు నెలలూ గడ్డ నిద్రలో ఉంటుంది. వేర్లు ఎండిపోతాయి. నీరు తాగే దారే లేని దానికి మనం నీళ్లు పోస్తున్నాం. పైగా రేగడి, నీటిని వదలని నేల. దానిమీద ఆకుల దుప్పటి. పిట్టల కోసం, సీతాకోకల కోసం మంచిదని చేసిన మూడు పనులూ (వేసవి నీళ్లు, ఆకు కప్పడం, పొర్లే పళ్లెం) గడ్డల పాలిట ఒకటే దెబ్బయ్యాయి.

శిలీంధ్రనాశిని పోద్దామని ఒకరు సలహా ఇచ్చారు. వద్దన్నాను. తడి అలాగే ఉంచి మందు పోస్తే ఆ మందు ఏటా పోస్తూ ఉండాలి. ఆకుచెత్తలో బతికే శిలీంధ్రాలు, వానపాములు అన్నిటికీ అది తగులుతుంది. కారణం తెలిశాక లక్షణానికి మందెందుకు?

కుదరనివి రెండు

మొదటిది, మడికి మొత్తం నీళ్లు ఆపేశాం. అడవి ఉల్లి, ప్యాంక్రేషియం ఇంకా అందులోనే ఉన్నాయి కాబట్టి. మే రెండో వారానికి తేనె పూల మొక్కలు తలలు వాల్చేశాయి. పళ్లెం కూడా ఎండబెట్టాం, అది నా అతి జాగ్రత్త. పిట్టలు రావడం మానేశాయి. అమ్మ ఏమీ అనలేదు గానీ ఫోన్‌లో గొంతు మారింది. ఆ తోట ఎందుకుందో దాన్నే ఆపేసి గడ్డల్ని కాపాడడం వైద్యం కాదు. వారంలోనే పళ్లెం నింపించి, మడికి దూరంగా జరిపించాను. డ్రిప్ కూడా మళ్లీ వదిలాం, గడ్డలున్న వైపు డ్రిప్పర్లు మూసేసి.

రెండోది, ఐదు మంచి దుంపల్ని తీసి ఇంట్లో పొడి ఇసుకలో దాచాం. ఒక్కో దుంపకి రెండు కొమ్ములు, ఒక్కో కొమ్ము కొసన ఒకే ఒక్క మొలక కన్ను. కొస విరిగితే ఆ కొమ్ము ఇక మొలవదు, బంగాళాదుంపలా ఇంకో కన్ను ఉండదు. ఈ సంగతి తెలిసీ తవ్వేటప్పుడు రెండు కొసలు విరగ్గొట్టాను. మెడ దగ్గర విడదీస్తే పనికొచ్చే కొమ్ములు ఎనిమిది మిగిలాయి. మే చివర్లో పెట్టె తెరిస్తే ఒకటి చీకట్లోనే జానెడు మొలక వేసి ఉంది, గాజుపుల్లలా. ముట్టుకోగానే విరిగింది. మిగిలినవి ఏడు. దాచడం తప్పు పద్ధతి కాదు, సాగు చేసేవాళ్లు చేస్తారు. కానీ పదుల సంఖ్యలో కూడా లేని తోటలో ఏటా తవ్వడం అంటే ఏటా కొన్ని విరగ్గొట్టుకోవడమే. గడ్డ నేలలోనే ఉండాలి, నేల పొడిగా ఉండాలి. ఈ రెండూ కుదిరే చోటు చేయాలి.

పనిచేసినది

డ్రిప్ అందని మూల, ఎండ బాగా పడే చోట ఒక దిబ్బ కట్టాం. మోకాలెత్తు. అడుగున కంకర, పైన ఎర్రమట్టి, ముతక ఇసుక, గులకరాళ్లు. పశువుల ఎరువు దాదాపు లేదు. తోటమాలికి ఇది నచ్చలేదు. “ఇందులో ఏం పెరుగుద్ది సార్, రోడ్డేసినట్టుంది,” అన్నాడు. గుట్ట కూడా రోడ్డులాగే ఉంటుంది కదా అన్నాను. నవ్వాడు.

ఆ మూలన ఎప్పటినుంచో రెండు వాక (వాక్కాయ) చెట్లున్నాయి. దిబ్బని వాటికి ఆనించే కట్టాం, మూడు కారణాలకి. అడవినాభి ఆకు కొస తీగలా చుట్టుకుని పైకి పాకుతుంది, దానికి సన్నటి కొమ్మలు కావాలి. రెండు, వాక ముళ్లు దాటి పిల్లలు గానీ కుక్క గానీ దుంప దగ్గరికి పోవడం కష్టం. ఈ మొక్కలో అన్ని భాగాలూ విషమే, దుంప మరీను. తినే దుంపలా కనిపించడం దాని చెడ్డగుణం. ఆ ఇంటికి సెలవుల్లో చిన్నపిల్లలు వస్తారు, కాబట్టి ఇది మామూలు జాగ్రత్త కాదు. మూడు, వాక వేర్లు వేసవిలో మిగిలిన కాస్త తడినీ పీల్చేస్తాయి. మామూలుగా దీన్ని పోటీ అంటాం. ఇక్కడ నాకు కావలసింది అదే.

అడవినాభి కొమ్ముల్ని అడ్డంగా, రెండు మూడు అంగుళాల లోతున పెట్టాం. జూన్‌లో అడవి ఉల్లినీ ప్యాంక్రేషియంనూ మార్చాం, మెడ నేలమట్టానికి ఉండేలా. ప్రతి గడ్డ పక్కనా ఒక తెల్లరాయి, రాయి మీద పెయింట్‌తో నెంబరు. తోటమాలికి ఒకటే నియమం: తెల్లరాళ్ల మధ్య ఎండిన పుల్ల కనిపించినా నన్నో అమ్మనో అడగనిదే కోయొద్దు.

ఆకుచెత్త విషయంలో అమ్మతో కాస్త వాదన అయింది. ఆకు కప్పని నేల ఆవిడ కంటికి బోడిగా, తోటకి అన్యాయం చేసినట్టుగా ఉంటుంది. దిబ్బ మీద మాత్రం వద్దన్నాను. ఆ వేసవి తర్వాత బోడి ఇసుక మీద పెన్సిల్ దూరేంత చిన్న కన్నాలు కనిపించాయి, చుట్టూ మట్టి పొడి. నేలలో గూడు కట్టే ఒంటరి తేనెటీగలు. అన్ని తేనెటీగలూ తుట్టె పెట్టవు, చాలా జాతులు ఇలా పొడి బోడి నేలను తవ్వి గుడ్లు పెడతాయి. ఆకు కప్పిన మడిలో వాటికి చోటు దొరకలేదు. దాంతో అమ్మ వాదన మానేశారు, నేను గెలిచానని కాదు, కొత్త అతిథులొచ్చారని.

గొంగళ్లకి వేపనూనె మానేశాం. మొలక వచ్చాక మొదటి ఆరేడు వారాలు, పూత దాకా, గుడ్లున్న ఆకును కత్తిరించి తోట అవతలి చివరనున్న రెయిన్ లిల్లీల మీదా, అక్కడే పెంచిన విషముంగలి (క్రైనమ్ ఏషియాటికమ్) మీదా వేస్తారు. పూత అయ్యాక తీగ మీద ఏం తిన్నా ముట్టుకోరు. ఎందుకీ గీత అంటే, తీగ ఎదిగి పూసేదాకా దానికి ఆకు దక్కాలి. రెక్కలపురుగు కూడా ఈ నేలదే, దానికీ వాటా ఉండాలి. జాలికొద్దీ వదిలేసిన విదేశీ లిల్లీలు ఆ వాటా అయ్యాయి. విషముంగలి గింజల గురించి ఒక మాట: అవి కండపట్టి ఉంటాయి, నీళ్లు లేకుండానే మొలుస్తాయి. దాచుదామని అమ్మ కిటికీ గట్టున పెట్టిన నాలుగూ అక్కడే మొలకేశాయి. అలాంటివి డబ్బాలో దాచకూడదు, వెంటనే మట్టి మీద పెట్టేయాలి. అడవినాభి గింజలు దీనికి పూర్తిగా ఎదురు. నెలలు పడుకుంటాయి, ఒకే కుండీలో కొన్ని ఈ ఏడు, కొన్ని పైయేడు లేస్తాయి. గింజ నుంచి పూత దాకా మూడేళ్లో అంతకు మించో పడుతుంది.

ఇంకో చిన్న మార్పు లైట్లది. ప్యాంక్రేషియం పువ్వు తెల్లగా, సాయంత్రం విచ్చుకుని రాత్రి వాసన వేస్తుంది. పొడుగాటి గొట్టం, అడుగున తేనె. అంత పొడుగు నాలుక ఉండేది హాక్‌మాత్‌లు అనే పెద్ద రెక్కలపురుగులకే. అమ్మ పిల్లలు కానుకగా పెట్టించిన అలంకార దీపాలు రాత్రంతా ఆ మూల మీదే వెలిగేవి. అవి రెక్కలపురుగుల్ని దారి తప్పిస్తాయి. తొమ్మిదింటికి ఆపేయమంటే మొదట నొచ్చుకున్నారు, తర్వాత పూత నెలల్లో అసలు వేయడమే మానేశారు.

ఏం మిగిలింది

నాటిన ఏడు కొమ్ముల్లో ఆరు మొలిచాయి. మరుసటేడు తవ్వకుండా వదిలితే ఆ ఆరు చోట్లా కలిపి తొమ్మిది మొలకలు. అడవి ఉల్లి 11లో 10 ఉన్నాయి, ఈ మార్చిలో నాలుగు కాడలు లేచాయి, ఈసారి ఎవరూ కోయలేదు. అంకెలు చిన్నవి. 24తో మొదలుపెట్టి ఐదు మంచి దుంపల దాకా దిగజారిన తోట ఇది, దీన్ని విజయమని రాయను.

ఈ కేసు తర్వాత నా పద్ధతి ఒకటి మారింది. గడ్డలు మొలవలేదని ఎవరు పిలిచినా, వానాకాలంలో కాదు, ఏప్రిల్‌లో వస్తానంటాను. ఆకు ఉన్నప్పుడు చూస్తే ఆకు జబ్బే కనిపిస్తుంది. ఎండాకాలంలో గుప్పెడు మట్టి నొక్కి చూస్తే ఉండవుతుందో, పొడిపొడిగా రాలుతుందో తెలుస్తుంది. పోయినవి ఎన్ని అని కాకుండా బతికినవి ఎక్కడ అని అడుగుతున్నాను.

ప్యాంక్రేషియం సంగతి ఇంకా తేలలేదు. పదిలో మూడు పోయినేడు పూశాయి, తొలి వానలు పడ్డ వారంలో. ఒక రాత్రి హాక్‌మాత్ వచ్చిందని అమ్మ వీడియో పంపారు, చీకట్లో బూడిదరంగు మసక తప్ప ఏమీ కనపడలేదు. మిగతా ఏడూ ఆకులతోనే సరిపెడుతున్నాయి. దిబ్బ మీద మట్టి మరీ నిస్సారమైందేమోనని నా అనుమానం, ఇంకా ఎండ చాలలేదని తోటమాలి అంటాడు. మూడు గడ్డలకి కాస్త చివికిన ఆకు ఎరువు వేశాం, రెండింటిని వాక నీడ నుంచి బయటికి జరిపాం, రెండింటిని అలాగే వదిలాం. రాళ్ల మీద నెంబర్లు మళ్లీ రాయించాను.